లేడీ మాక్‌బెత్ రాక్షసా? నిద్రలో నడిచే సీన్ దగ్గర ఇరుక్కుపోయాను

మూడోగంట
మా నాటక బృందం ఈసారి షేక్‌స్పియర్ మాక్‌బెత్ వేస్తోంది, తెలుగు అనువాదంలో. లేడీ మాక్‌బెత్ వేషం నాకిచ్చారు. సంతోషమే, కానీ వారం నుంచి ఒకచోట కదలడం లేదు. మొదటి అంకంలో ఈవిడ మొగుడి ఉత్తరం చదివీ చదవగానే అతను గద్దె ఎక్కాలంటే రాజు డంకన్‌ని చంపాల్సిందేనని తేల్చేస్తుంది. రెండో అంకంలో మొగుడు వణుకుతూ కత్తులు చేత్తో పట్టుకుని వచ్చేస్తే, తనే తీసుకెళ్లి కాపలావాళ్ల పక్కన పెట్టి, వాళ్ల మొహాలకి రక్తం పూసి, ఎర్రటి చేతులతో తిరిగొచ్చి కాసిని నీళ్లు పోస్తే పోతుందిలే అంటుంది. అదే మనిషి ఐదో అంకంలో దీపం పట్టుకుని నిద్రలో నడుస్తూ, లేని మరకని తోముతూ ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో చూద్దామంటే నాలుగో అంకంలో అసలు కనిపించనే కనిపించదు!

మా డైరెక్టర్ "ముందు రాక్షసిలా చెయ్, చివర్లో పిచ్చిదానిలా చెయ్, జనానికి అర్థమైపోతుంది" అంటున్నారు. నాకేమో ఇద్దరు వేరే వేరే ఆడవాళ్ల వేషం వేస్తున్నట్టుంది. చదివినవాళ్లు, వేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

వాదాలమారి
మీ డైరెక్టర్ చెప్పింది కరెక్టే. పదవి కోసం ఇంటికొచ్చిన చుట్టాన్ని, అందులోనూ ముసలాయన్ని, నిద్రలో చంపించింది. తర్వాత అనుభవించింది. ఇందులో ఇరుక్కోవడానికి ఏముంది? పాలు తాగుతున్న పసిబిడ్డ తల నేలకేసి కొట్టేదాన్నని నోటితో అన్న మనిషి మీద జాలి చూపించమంటారా?

నీలిసిరా
ఆ మాట ఎప్పుడు అందో కూడా చూడండి. మాక్‌బెత్ ఇక ఈ పని వద్దు అని వెనక్కి తగ్గాడు. అప్పుడంది, నీలా ప్రమాణం చేసి ఉంటే నేను అంతపనీ చేసేదాన్ని అని. చేసేదాన్ని అనడం వేరు, చేయడం వేరు. మొగుడికి పౌరుషం ఎక్కించడానికి తన దగ్గరున్న అతి పెద్ద మాట తీసి విసిరింది. ఆ మాట అనేటప్పుడు కూడా ముందు "బిడ్డకి పాలిచ్చాను, ఆ ముద్దు నాకు తెలుసు" అనే మొదలుపెట్టింది.

అంతకు ముందు సీన్‌లో దుష్టశక్తుల్ని పిలుస్తుంది కదా, నాలో ఆడతనం తీసేయండి, పశ్చాత్తాపం వచ్చే దారి మూసేయండి అని. దొంగల భయం లేని ఇంట్లో గడియ ఎవరు పెడతారు? జాలి లేనిదైతే ఆ దారి మూయమని బతిమాలుకునే పనే లేదు.

వాదాలమారి
బతిమాలుకుంది, మూశారు, చంపింది. లెక్క సరిపోయింది.

నీలిసిరా
సరిగ్గా మూయలేదనే కదా ఐదో అంకం.

పాతపుస్తకం
ఈ నాటకం పాతికేళ్లు పాఠం చెప్పాను, కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. మూడోగంట గారూ, మీరు మధ్యలో ఏమైందో వెతుకుతున్నారు. మధ్యలో కాదు, రెండో అంకం రెండో రంగంలోనే వెతకండి. హత్య జరుగుతున్న ఆ కాసేపు ఆమె ఒంటరిగా నిలబడి ఉంటుంది. మొదటి మాటే, వాళ్లని మత్తులో పడేసింది నాకు ధైర్యం ఇచ్చింది అంటుంది. అంటే తాగింది. రాక్షసికి కల్లు పోసి ధైర్యం చెప్పాలా? అంతలో గుడ్లగూబ అరిస్తే ఉలిక్కిపడుతుంది. తర్వాత అసలైన మాట: నిద్రలో ఆయన మా నాన్నలా కనబడకపోయి ఉంటే నేనే చేసేదాన్ని అంటుంది. పిల్లల దగ్గర ఈ వాక్యం చదివి ఆగేవాడిని. తరగతి మొత్తం నిశ్శబ్దంగా ఉండేది, ఎప్పుడూ అల్లరి చేసే వెనక బెంచీలతో సహా.

ఇంకోటి. మాక్‌బెత్ ఏదో గొంతు వినిపించింది, ఇక నీకు నిద్ర లేదు అంది అని ఏడుస్తుంటే ఈవిడే కసురుతుంది, ఈ పనుల గురించి ఇలా ఆలోచించకూడదు, ఆలోచిస్తే మనకి పిచ్చెక్కుతుంది అని. నిద్ర దూరమవుతుందన్న శాపం విన్నది అతను. పిచ్చెక్కుతుందని హెచ్చరించింది ఆమె. చివరికి ఆ రెండూ ఎవరికి పట్టాయో చూడండి. కాబట్టి ఇద్దరు ఆడవాళ్లు కాదమ్మా, ఒక్కతే. మొదటి రోజు నుంచే పగులు ఉంది, పైన సున్నం కొట్టుకుంది.

మూడోగంట
"మనకి" అన్నది నేను గమనించనే లేదు. మా అనువాదంలో "నీకు" అని ఉంది!! రేపు మార్చమని అడుగుతాను.

సగంచదివినవాడు
నేను పరీక్ష కోసం సగం చదివి మిగతా సగం గైడుతో లాగించినవాణ్ని. ఒక డౌటు. ఈవిడ పేరేంటి? మొగుడి పేరు కాకుండా సొంత పేరు.

చరిత్రపిచ్చి
ఆహా, నా టాపిక్ వచ్చింది. నాటకంలో పేరే లేదు. షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకి, 1623లో అచ్చయిన సంపుటంలోనే ఈ నాటకం మొదటిసారి బయటికొచ్చింది. అందులో ఆమె "మాక్‌బెత్ భార్య", లేదంటే "లేడీ", అంతే. లేడీ మాక్‌బెత్ అని ఆమెని ఏ పాత్రా పిలవదు.

అసలు మనిషి పేరు గ్రూఓక్. పదకొండో శతాబ్దపు స్కాట్లండ్, రాజవంశపు అమ్మాయి. మొదటి భర్తని 1032లో యాభై మంది మనుషులతో సహా తగలబెట్టేశారు. ఆ పెళ్లి వల్ల లూలాఖ్ అని ఒక కొడుకు. తర్వాత మాక్‌బెత్‌ని చేసుకుంది. డంకన్ రాజు చనిపోయింది పడకగదిలో కాదు, 1040లో యుద్ధంలో. అప్పటికి ముసలివాడు కూడా కాదు. ఆ తర్వాత మాక్‌బెత్ పదిహేడేళ్లు ఏలాడు, మధ్యలో 1050లో రోమ్ యాత్ర కూడా చేసొచ్చాడు. సింహాసనం మీద గుబులు ఉన్నవాడు అంత దూరం వెళ్లడు. భార్యాభర్తలిద్దరూ కలిసి లాఖ్ లెవెన్ దగ్గరి సన్యాసులకి భూమి దానం చేసిన రికార్డు ఉంది. అతను పోయాక లూలాఖ్ కొన్ని నెలలు రాజయ్యాడు. గ్రూఓక్ చేతులు తోముకుందని ఎక్కడా లేదు.

షేక్‌స్పియర్‌కి దొరికింది హాలిన్షెడ్ రాసిన చరిత్ర పుస్తకం. అందులో మాక్‌బెత్ భార్య గురించి ఉన్నది ఒక్క వాక్యం, రాణి అనిపించుకోవాలన్న కోరికతో కాలిపోయేదని. నిద్రలో హత్య, కాపలావాళ్లకి తాగించడం, ఇవన్నీ అదే పుస్తకంలో వేరే రాజు కథలోవి. అక్కడా భార్యే పురిగొల్పుతుంది. రెండూ కలిపి వండాడు. నిద్రలో నడక మాత్రం పూర్తిగా ఆయన సొంతం.

సగంచదివినవాడు
అంటే పాపం ఆవిడ దానాలు చేసుకుంటూ ఉంటే ఐదొందల ఏళ్ల తర్వాత ఈయన వచ్చి హంతకురాల్ని చేశాడు. పరువునష్టం దావా వేయాల్సింది.

వాదాలమారి
చరిత్రలో ఆమె మంచిదైతే నాటకంలో మంచిదైపోదు. టాపిక్ మార్చకండి. ఇంకో మాట, మన కైకేయి కూడా ఇంతే కదా, మొగుణ్ని పట్టుకుని తన మాట నెగ్గించుకుంది. కైకని వెనకేసుకొచ్చేవాళ్లని నేను ఇంతవరకు పెద్దగా చూడలేదు.

నీలిసిరా
కైకకి చెవిలో ఊదడానికి మంథర ఉంది. ఈవిడకి ఎవరున్నారు? తనకి తనే మంథర. పైగా కైక అడిగింది తనకి రావాల్సిన వరాలు, అదీ కొడుకు కోసం. ఆ కొడుకొచ్చి నాకొద్దీ రాజ్యం అని మొహం మీదే అనేశాడు. ఈవిడకి అలా మొహం మీద అనేవాళ్లు కూడా లేరు.

వాదాలమారి
ఎవరూ పురిగొల్పకుండా తనంతట తనే చేసిందంటే నేరం ఇంకా పెరుగుతుంది, తగ్గదు. నా వాదన మీరే చేస్తున్నారు, థాంక్స్.

రాత్రిడ్యూటీ
సాహిత్యం నాకు పెద్దగా తెలియదు, నర్సుని. కానీ నిద్రలో నడిచే సీన్ ఈ చర్చ చూశాక మళ్లీ చదివాను, నాకు కనబడింది ఆ రాణి కాదు, పక్కనున్న పరిచారిక. డాక్టరు రెండు రాత్రులు కాపలా కాశాడు, ఏమీ కనబడలేదు, నువ్వు చెప్పింది నిజమేనా అంటున్నాడు. ఏం మాట్లాడుతుందో చెప్పమంటే పరిచారిక చెప్పదు. నా మాటకి సాక్షి లేరు, అంచేత మీకే కాదు ఎవరికీ చెప్పను అంటుంది. మా వార్డులో రాత్రి మూడింటికి పేషెంట్లు మాట్లాడే మాటలు మేమూ ఇలాగే మింగేస్తాం.

దీపం సంగతి కూడా. ఎక్కడిది అని డాక్టరు అడిగితే, ఎప్పుడూ పక్కనే ఉండాలి, అది ఆమె ఆర్డరు అంటుంది. మొదటి అంకంలో చీకటి దుప్పటి కప్పేయమని పిలిచింది ఈవిడే కదా? ఇప్పుడు దీపం ఆర్పనివ్వదు.

చివర్లో డాక్టరు మందు ఇవ్వడు. ఈమెకి కావాల్సింది వైద్యుడు కాదు పూజారి అంటాడు, కానీ వెళ్తూ వెళ్తూ, తనకి తాను హాని చేసుకోగలిగినవన్నీ దగ్గర లేకుండా తీసేయండి, కళ్లు ఆమె మీదే ఉంచండి అని చెప్తాడు. ఇది 1606 నాటి నాటకం అంటున్నారు. అలాంటి పేషెంటు ఉంటే ఈ రోజుకీ మాకు చెప్పేది అక్షరాలా ఇదే. అయినా కాపాడలేకపోయారు. ఆ పరిచారిక తర్వాత ఎలా ఉందో ఎవరూ రాయలేదు.

పాతపుస్తకం
పాతికేళ్లలో ఆ కోణం నాకు తట్టలేదు. నోట్సులో రాసుకున్నాను.

చినుకు_చప్పుడు
ఆశ, అపరాధం అంటే నాదొకటి చెప్తాను. హత్య కాదులెండి. పదకొండేళ్ల కిందట ఆఫీసులో ఒక పోస్టు, నేనూ ఇంకొకతనూ పోటీ. అతను చేసిన పొరపాటు ఒకటి నా కంట పడింది. అతనికి చెప్తే పది నిమిషాల్లో సరిచేసుకునేవాడు. చెప్పలేదు. పెద్దాయన గదికి వెళ్లి, ఏమీ తెలియనట్టు, ఆ కాగితం పైకి వచ్చేలా పెట్టి వచ్చాను. పోస్టు నాకొచ్చింది, అతను ఉద్యోగం మానేశాడు. వెళ్తూ మంచినీళ్ల సీసా టేబుల్ మీద మర్చిపోయాడు, స్టీలుది, మూతకి చొట్ట. నెలల తరబడి అక్కడే ఉంది. ఎవరూ తీయరు. నేను తీద్దామంటే చెయ్యి వెళ్లదు. ఆ సీసా కనబడకుండా కుర్చీ తిప్పుకుని పనిచేసేవాణ్ని, మెడ పట్టేసి డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాను, కుర్చీ మార్చమన్నాడు!

విచిత్రం ఏంటంటే కాగితం పెట్టిన రోజు నాకేమీ అనిపించలేదు. చాలా కూల్‌గా ఉన్నాను. అందుకే "కాసిని నీళ్లతో పోతుంది" అన్నప్పుడు ఆమె నటిస్తోందని నేననుకోను. ఆ నిమిషానికి నిజంగానే పోతుందనుకుంది.

చివరికి మా ఆవిడకి చెప్పాను. ఏమీ అనలేదు, సీసా తీసి అతనికి పంపించు అంది. పంపాను. అప్పుడు నిద్ర పట్టింది.

సగంచదివినవాడు
సీసాలో నీళ్లు ఉన్నాయా?

చినుకు_చప్పుడు
సగం.

వెన్నెల_పుట
చినుకు_చప్పుడు గారు చెప్పినదాంట్లోనే మూడోగంట గారి ప్రశ్నకి జవాబు ఉందనిపిస్తోంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు మనవాళ్లు. పోతుందో పోదో కానీ చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి. ఈ నాటకంలో ఆమె చెప్పుకోగలిగింది ఒక్కరికే, తోడు దొంగకి. ఆ మనిషి ఆమెతో మాట్లాడటం మానేశాడు.

మూడో అంకం రెండో రంగం తీయండి. చిన్న సీన్, చాలామంది కత్తిరించేస్తారు. ఈమె అప్పటికే రాణి. నౌకరుని పిలిచి, రాజుగారికి తీరికుంటే రెండు మాటలు మాట్లాడాలని చెప్పు అంటుంది. మొగుడితో మాట్లాడటానికి కబురు పంపించుకోవాలి! మొదటి అంకంలో అతను దారిలోంచే ఉత్తరం రాసి, "నా వైభవంలో భాగస్వామీ" అన్నాడు ఈమెనే. నౌకరు వెళ్లాక ఒక్కతే ఉన్నప్పుడు నాలుగు పాదాలు చెప్పుకుంటుంది, అంతా ఖర్చయిపోయింది, దక్కింది ఏమీ లేదు అని. వెంటనే అతను రావడం చూసి మొహం మార్చేసి, ఎందుకలా ఒంటరిగా కూర్చుంటున్నావు, అయిందేదో అయింది అని అతనికే ధైర్యం చెప్తుంది. తోటి సేనాని బాంకోని చంపించే ఏర్పాటు అతను అప్పటికే చేసేశాడు. ఏం చేయబోతున్నావు అని ఈమె అడిగితే "నీకు తెలియకపోవడమే మంచిదిలే బంగారం, అయ్యాక మెచ్చుకుందువుగానీ" అంటాడు.

నాకు అక్కడే ఆమె అయిపోయింది. విందులో అతను బాంకో దెయ్యాన్ని చూసి గోల చేస్తుంటే వచ్చినవాళ్లకి సర్దిచెప్పుకుంటూ చివరిసారి ఓపిక చేసుకుంటుంది. అందరూ వెళ్లాక అతను ఇంకా రక్తం గురించే మాట్లాడుతుంటే, నీకు నిద్ర చాలడం లేదు అని ఒక్క మాట అంటుంది. ఆ తర్వాత మనకి కనబడేది నిద్రలోనే.

మూడోగంట
కబురు పంపించే ఆ ముక్క మా స్క్రిప్టులో కొట్టేశారు. టైము సరిపోదని.

వెన్నెల_పుట
గొడవ పెట్టుకోండి.

వాదాలమారి
వెన్నెల గారూ, బాగా రాశారు, ఒప్పుకుంటాను. కానీ మొగుడు సరిగ్గా మాట్లాడి ఉంటే ఈవిడ హాయిగా నిద్రపోయేదా? అప్పుడు ఇంకా ఘోరం కదా! ఇంకోటి. అందరూ పశ్చాత్తాపం అంటున్నారు. పశ్చాత్తాపపడే మనిషి క్షమించమంటుంది. ఆ సీన్ మొత్తంలో అయ్యో డంకన్ అని ఒక్క మాట చూపించండి. ముసలాయనలో అంత రక్తం ఉందని ఎవరనుకున్నారు అంటుంది. అది జాలా? మరక పోవడం లేదన్న చిరాకు. తన చేతికి వాసన వస్తోందన్న బాధ.

రాత్రిడ్యూటీ
నిద్రలో మాట్లాడేవాళ్లు క్షమాపణ పద్ధతిగా చెప్పరండీ. చేతులే మాట్లాడతాయి.

పాతపుస్తకం
వాదాలమారి గారి ప్రశ్న మంచిదే, తీసిపారేయను. అపరాధ భావన వేరు, పశ్చాత్తాపం వేరు. రెండోది వచ్చినవాడు వెళ్లి దిద్దుకుంటాడు, చినుకు_చప్పుడు గారు సీసా పంపినట్టు. ఈమెకి మొదటిదే మిగిలింది. కానీ ఒక వాక్యం మర్చిపోతున్నారు. "ఫైఫ్ ప్రభువుకి ఒక భార్య ఉండేది, ఇప్పుడేదీ ఆమె?" అంటుంది. ఆ ప్రభువే మాక్‌డఫ్. అతని భార్యాబిడ్డల్ని చంపించింది మాక్‌బెత్ ఒక్కడే. ఆ పథకంలో ఈమె ఉన్నట్టు నాటకంలో ఎక్కడా లేదు. అయినా ఆ రక్తం కూడా తన చేతి లెక్కలోనే వేసుకుంది. చిరాకైతే పరాయి రక్తం ఎందుకు లెక్కపెట్టుకుంటుంది?

ఇంకో చిన్న సంగతి, నటించేవాళ్లకి పనికొస్తుంది. నాటకం అంతా పద్యంలో మాట్లాడిన ఈవిడ ఈ సీన్‌లో వచనంలో మాట్లాడుతుంది. తెగిన ముక్కలు. అనువాదంలో సాపుగా ఉంటే నోటికి అందదు.

వాదాలమారి
ఫైఫ్ భార్య సంగతి... సరే. ఆ ఒక్క వాక్యానికి తగ్గుతాను. ఆ ఒక్కదానికే.

సగంచదివినవాడు
చర్చ చరిత్రలో మొదటిసారి వాదాలమారి తగ్గారు. తేదీ రాసిపెట్టుకోండి.

గాజుపెంకు
చేతులు కడగడం మీద ఒక సైన్స్ ముక్క. తప్పుడు పని గుర్తు తెచ్చుకున్నవాళ్లకి శుభ్రం చేసుకోవాలనిపిస్తుందని 2006లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, దానికి మాక్‌బెత్ ఎఫెక్ట్ అని పేరు కూడా స్థిరపడింది. తర్వాత మళ్లీ చేసి చూసినవాళ్లలో చాలామందికి ఆ ఫలితం రాలేదు. కాబట్టి ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మేయకండి.

నీలిసిరా
కడిగినా లాభం లేదని ఆవిడ ముందే చెప్పింది, వినలేదు :)

తెరచాటు_మనిషి
ఇన్నాళ్లు చూస్తూ కూర్చున్నాను, స్టేజి వెనక పనిచేసేవాణ్ని కాబట్టి దీపం గురించి చెప్పాలి. సారా సిడన్స్ అని ఇంగ్లండ్‌లో పెద్ద నటి. 1785లో లండన్ డ్రూరీ లేన్‌లో ఈ వేషం వేసింది. అంతకు ముందు వేసిన గొప్ప నటి ఈ సీన్ అంతా దీపం చేత్తో పట్టుకునే చేసేదట. సిడన్స్ దీపం కింద పెట్టి రెండు చేతులూ తోముతానంది. మేనేజరు షెరిడన్ వద్దని గోల పెట్టాడు, జనం ఒప్పుకోరని. ఆమె వినలేదు. జనం ఊగిపోయారు, షెరిడనే తర్వాత వచ్చి ఒప్పుకున్నాడు. 1812లో ఆమె చివరి ప్రదర్శన రోజు, ఈ సీన్ అయ్యాక ఇక మిగతా నాటకం వద్దని ప్రేక్షకులు ఆపించేశారు. మాక్‌బెత్ పాత్రధారి పరిస్థితి ఆలోచించండి.

ఆమే రాసుకున్న ఇంకో సంగతి నాకు ఇష్టం. చిన్న వయసులో మొదటిసారి ఈ వేషం వేయాల్సి వచ్చి, ఇల్లంతా పడుకున్నాక రాత్రి కంఠస్థం చేస్తూ కూర్చుంది. హత్య సీన్ దగ్గరికి వచ్చేసరికి భయమేసి దీపం పట్టుకుని మెట్లెక్కి పరుగెత్తింది. తన పట్టు బట్టల చప్పుడే తనని తరుముతున్నట్టు అనిపించిందట. బట్టలు కూడా మార్చుకోకుండా పడుకుండిపోయింది.

మూడోగంట
ఆ పట్టుబట్టల చప్పుడు చదివి నిన్న రాత్రి నేనూ లైటు వేసుకునే పడుకున్నాను.

రిహార్సల్ అయ్యింది, అప్‌డేట్. కబురు పంపే ముక్క తిరిగొచ్చింది, గొడవతోనే. నౌకరు వెళ్లాక నేను కూర్చోకుండా తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను, అంతే, అందరూ గమ్మునైపోయారు. "మనకి పిచ్చెక్కుతుంది" కూడా మార్చారు. రాక్షసి గొంతు మానేశాను. రెండో అంకంలో కాసిని నీళ్లు అన్నప్పుడు ఎడమ బొటనవేలితో కుడి అరచేతి మధ్యలో ఒకసారి రుద్దుకుంటాను, వంటింట్లో పసుపు అంటుకుంటే రుద్దుకున్నట్టు. ఐదో అంకంలోనూ సరిగ్గా అదే రుద్దడం, కాకపోతే ఆగదు. దీపం కింద పెట్టడానికి మాత్రం డైరెక్టర్ ఇంకా ఒప్పుకోలేదు, తెర అంటుకుంటుందట.

తెరచాటు_మనిషి
బ్యాటరీ దీపం పెట్టుకోమనండి. షెరిడన్‌కి ఆ సదుపాయం లేదు.

వాదాలమారి
నాటకానికి వస్తాను. చివర్లో కొత్త రాజు మాల్కమ్ ఆమెని పిశాచి లాంటి రాణి అంటాడు కదా, ఆ డైలాగు కొట్టేయకండి. నా తరఫున ఒక్కడైనా ఉండాలి.

నీలిసిరా
ఆయన ఆ సీన్‌లో లేడుగా, నిద్రలో నడవడం చూడలేదుగా, ఏమైనా అంటాడు.

సగంచదివినవాడు
మీ అందరి పుణ్యమా అని మిగతా సగం మొదలుపెట్టాను. నాలుగో అంకం అయిపోవస్తోంది. ఈవిడ ఎక్కడా కనబడటం లేదేంటి?